ఆకు అందుకునే ముందు

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, "మా తాత పేరు అచ్చులో పడింది" అని ఆయన మనవళ్ళు ఈ కాగితాన్ని పటం కట్టించుకున్నా కట్టించుకుంటారు. నా చేతి మీదుగా ఆ ఇంటికి ఆ మాత్రం సంతోషం కూడా పోకూడదు. నరసరావుపేటలో రైలుకట్ట పక్కన ఉండే పత్తి జిన్నింగు మిల్లు యజమాని అంటే చాలు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా కోపం మాత్రం పోలేదు. పోవాలని నేను కోరుకోనూ లేదు.

మా ఇళ్ళల్లో పిల్లలు ఇంటర్వ్యూకు వెళ్ళే ముందు నా దగ్గరికొచ్చి దీవించమంటారు. అవతలివాళ్ళు ఏమేం అడుగుతారో అంతా వల్లె వేసుకుని ఉంటారు. "సరే, నువ్వేం అడుగుతావురా?" అంటే తెల్లమొహం వేస్తారు. మనం అడగడమేంటి తాతా, ఉద్యోగం ఇచ్చేది వాళ్ళు కదా అంటారు. అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. బస్సు తప్పిపోయినా సరేనని వాళ్ళను కూర్చోబెట్టి మా అన్న సంగతి చెబుతాను.

మాది దూదేకే ఇల్లు. మా నాయనా, అన్నా విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగేవాళ్ళు. పరుపులో దూది గట్టిపడిన ఇంటి ముందు కూర్చుని, విల్లుకు కట్టిన నరాన్ని కొయ్యతో కొడుతూ దూదిని విడదీసేవాళ్ళు. ఏకేటప్పుడు దూది ముద్దలు నరానికి చుట్టుకుంటాయి. కొయ్య పట్టుకున్న చేత్తోనే రెండు వేళ్ళు చాచి వాటిని టక్కున లాగెయ్యాలి. లాగేటప్పుడు అటు చూడకూడదు. చూస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపు చెడుతుంది. చూసినప్పుడల్లా మా నాయన నా నెత్తిన ఒకటిచ్చేవాడు. నాకు ఆ విద్య అబ్బలేదు, అందుకని బడికి పంపారు. మా అన్నకు అబ్బింది. దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడికి తన చెయ్యి పోయేది, పోయినట్టు తనకే తెలిసేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక గుడ్డకు కరువొచ్చింది. కొత్త పరుపులు కుట్టించుకునేవాళ్ళు లేరు, పాతవి ఏకించుకునేవాళ్ళు అంతకంటే లేరు. రోజంతా తిరిగి ఉసూరుమంటూ ఇంటికి రావడమే. ఆ ఏడు దసరా వెళ్ళాక మా నాయన అన్నను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్ళాడు.

మిల్లులో ఏటా ఆ రోజుల్లోనే మనుషుల్ని కుదుర్చుకునేవాళ్ళు. యజమాని వరండాలో పడక కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పక్కన గుమాస్తా, ముందు స్టూలు మీద తమలపాకుల పళ్ళెం. పనికి వచ్చినవాళ్ళు కింద ఇసుకలో చేతులు కట్టుకుని నిలబడాలి. ఒక్కొక్కణ్ణి పిలిచి ఏ ఊరు, ఎవరి కొడుకువి, ఒంట్లో జబ్బులేమన్నా ఉన్నాయా అని అడిగేవాడు. చేతులు తిప్పించి చూసేవాడు. అంతా అయ్యాక, "అడిగేదేమన్నా ఉంటే ఇప్పుడే అడుగు. ఆకు తీసుకున్నాక అడగబాకు" అనేవాడు. ఆ మాట ప్రతివాడితోనూ అనేవాడు. ఎవడూ ఏమీ అడిగేవాడు కాదు. పని ఇచ్చే ఆయనకు ఎదురు ప్రశ్న వేయడమంటే పొగరు కింద లెక్క. తలవంచి నిలబడితే ఆకూ వక్కా చేతిలో పెట్టేవాడు. నలుగురి ముందూ ఆకు అందుకున్నవాడు ఉగాది దాకా పని మానకూడదు. మానితే మాట తప్పినవాడని పేరు పడి, చుట్టుపక్కల ఏ మిల్లులోనూ వాణ్ణి పెట్టుకోరు.

మా అన్న చేతులు చూసి ఆయన మొహం విప్పారిందట. "దూదేకే చెయ్యి. ముళ్ళపీపా కాడికి సరిగ్గా సరిపోతాడు" అన్నాడట గుమాస్తాతో. అడిగేదేమన్నా ఉందా అన్నప్పుడు మా అన్న, "నేనేం అడుగుతానయ్యగారూ" అని సిగ్గుపడి ఆకు అందుకున్నాడు. మా నాయన దండం పెట్టాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం సంతోషంగా అన్నం తిన్నాం. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోషం వస్తుంది.

ముళ్ళపీపా అంటే, గింజ తీసే జిన్నుల్లో వేసే ముందు పత్తిని విప్పి దుమ్ము దులిపే యంత్రం. ఇనుప పీపాకు చుట్టూ జానెడు ముళ్ళుంటాయి. అది తిరుగుతుంటే మనిషి పైనుంచి పత్తి అందిస్తుండాలి. మూడో వారంలో ఒక మధ్యాహ్నం, పీపా ముళ్ళకు పత్తి ముద్ద చిక్కుకుంది. మా అన్న కుడి చెయ్యి రెండు వేళ్ళు చాచి దాన్ని లాగడానికి పోయింది. తను పంపలేదు, అదే పోయింది.

ఇంజను వేరే కొట్టంలో, గోడకు అవతల ఉండేది. అరుపులు విని ఇంజను మనిషి ఆపబోతే గుమాస్తా అడ్డం పడ్డాడు. ఒకసారి ఆగితే దాన్ని మళ్ళీ వేడిచేసి తిప్పడానికి అరగంట పడుతుంది, అయ్యగారిని అడగకుండా ఆపకూడదన్నాడు. అడగడానికి పరిగెత్తాడు. అడిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు. పెళ్ళి మాటలు జరుగుతున్న మనిషి. అవతలివాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

మా నాయన డబ్బు అడగడానికి పోలేదు. కోర్టు, వకీలు అంటే ఆయనకు జడుపు. మిల్లు గేటు దగ్గర కూర్చునే పని ఏదన్నా ఇప్పించమని అడగడానికి పోయాడు. ఆ పూట నేను కూడా వెంట వెళ్ళాను. యజమాని కుర్చీలోంచి కదల్లేదు.

"సాయిబూ, అడిగేదుంటే అడగమన్నానా లేదా? నలుగురూ విన్నారు. మీవోడు అడగలా. ఇంతకుముందు పోయినోళ్ళు గూడా అడగలా. నన్నేం చెయ్యమంటావు?"

మా నాయన తలవంచుకుని ఇంటికొచ్చాడు. యజమాని అన్న మాటలు నేను మా అమ్మకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. మా అమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది.

"ఇంతకుముందు పోయినోళ్ళు అన్నాడా? ఎవురు వాళ్ళు?"

ఆ మాట నాయన చెవినా నా చెవినా పడింది, ఇద్దరమూ దాటేశాం.

"మేకను కొన్నా ఎందుకు అమ్ముతుండావని అడుగుతాం గదయ్యా! ఎన్ని ఈతలు, ఎన్ని పళ్ళు అని లెక్కబెడతాం. కన్నబిడ్డను పంపేటప్పుడు, వీడికంటే ముందు ఆ పని చేసినోడు ఏమైండని ఒక్క మాట అడగలేకపోయినావే!" అని నాయన మీద పడి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "నువ్వు చదువుకుంటుండావు గదరా. కనుక్కో."

కనుక్కున్నాను. ఇంజను మనిషి, మా అన్న అరుపులు చెవుల్లోంచి పోక, పాపం, నన్ను చూస్తేనే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆయనే చెప్పాడు. మా అన్నకంటే ముందు ఇద్దరు. ఒకడిది ముప్పాళ్ళ, ఒకడిది బొల్లాపల్లి. ఇద్దరూ దూదేకేవాళ్ళే. ఇద్దరి చేతులూ అక్కడే, అట్లాగే పోయాయి. అంటే యజమానికి తెలుసు. దూదేకే చెయ్యి వేగంగా పత్తి అందిస్తుందని తెలుసు, చిక్కుకున్న చోటికి చూడకుండా పోతుందనీ తెలుసు. తెలిసి మూడోవాడి అరచేతులు తిప్పి చూసి మురిసిపోయాడు. ఆ రోజే, ఈ మనిషిని ఏడిపించకుండా చావకూడదనుకున్నాను.

ముప్పాళ్ళ నడిచి వెళ్ళాను. అక్కడాయన నడివయసువాడు. మూడు వేళ్ళు లేని చేత్తోనే గొడ్ల కొట్టం దగ్గర గడ్డి వేస్తున్నాడు. విషయం చెప్పగానే, "మీవోణ్ణి గూడా మింగిందా?" అని గడ్డి కింద పడేసి కూలబడ్డాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు: "యంత్రం కాడ పనికి కుదిరేటప్పుడు ముందు ఒకటి అడగాలబ్బాయా. దాన్ని ఆపేదెవరు, వాడు నాకు కనబడేంత దూరంలో ఉంటాడా అని. నేను అరిస్తే గుమాస్తా వచ్చి చూసి, మళ్ళా అయ్యగారి కాడికి పోయిండు." ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తానన్నాడు.

బొల్లాపల్లికి రైల్లో వినుకొండ దాకా పోయి, అక్కణ్ణించి ఎండలో నడిచాను. అక్కడి మనిషి మా అన్న ఈడువాడు. నన్ను చూసి చెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు. పాము కరిస్తే తీసేశారని అత్తగారింట్లో చెప్పుకున్నాడట. పేటకు రానన్నాడు. "నలుగుర్లో నిలబెట్టి నా పరువు తియ్యబాక తమ్ముడూ" అన్నాడు. నాకు కోపం ఆగలేదు. నువ్వు అప్పుడే నోరు విప్పి ఉంటే మా అన్న చెయ్యి ఉండేది అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆయన అన్నీ పడ్డాడు. నాకు మజ్జిగ తెచ్చిచ్చి, ఊరి పొలిమేర దాకా వెంట వచ్చాడు. "ఆకు తీసుకోకముందు లోపలికి తీసకపోయి పని చేసే చోటు చూపియ్యమనాల. చూస్తే నేను తీసుకునేవోణ్ణి కాదు. పీపా పక్కన గోడ మీద నెత్తురు మరక సున్నం కింద నుంచి కనబడతా ఉండేది" అన్నాడు. అట్లా నాకు ప్రశ్నలు దొరికాయి. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చెయ్యి ఖర్చయింది.

యుద్ధం ఆగిన ఏడు, దసరా వెళ్ళాక, నేను ఆ ఇసుకలో నిలబడ్డాను. ముప్పాళ్ళాయన గేటు పక్కన తువ్వాలు కప్పుకుని నిలుచున్నాడు. మా అన్నకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. నా ముందు తొమ్మిదిమంది ఆకు అందుకున్నారు. నా వంతు వచ్చింది. మూడేళ్ళలో మీసాలొచ్చి మనిషిని మారాను, ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నా చేతులు చూశాడు. అడిగేదేమన్నా ఉంటే ఇప్పుడే అడుగు అన్నాడు, ఆకు అప్పుడే చేతిలోకి తీసుకుంటూ.

"ముళ్ళపీపా కాడ నాకంటే ముందు చేసినోడెవరండీ?" అన్నాను.

ఆయన ఆకు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఏంది?"

"నాకంటే ముందు చేసినోడండీ. వాడు ఇప్పుడు యాడ ఉండాడు? ఎందుకు మానేశాడు?"

"ఎవడో ఉండేవాడులే. మానేశాడు. నీకెందుకు?"

"అడగమన్నారు గదండీ. యంత్రాన్ని ఆపేదెవరు? నేను అరిస్తే వాడికి వినబడుద్దా? ఒకసారి లోపలికి పోయి ఆ పీపా చూసొచ్చి ఆకు తీసుకుంటా. ఆ గోడ గూడా చూస్తా."

వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. గుమాస్తా వంగి ఆయన చెవిలో నేనెవరో చెప్పాడు. ఆయన మొహం ఎర్రబడింది. "ఒరేయ్, వీణ్ణి బయటికి నెట్టండిరా" అని లేచాడు. నెట్టడానికి వచ్చినవాళ్ళలో ఇంజను మనిషి కూడా ఉన్నాడు, నన్ను పట్టుకున్నట్టు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఈలోగా ముప్పాళ్ళాయన ఇసుకలోకి వచ్చాడు. తువ్వాలు తీసి, మిగిలిన రెండు వేళ్ళ చెయ్యి పైకెత్తి వరస పొడుగునా నడిచాడు.

వరస చెదిరిపోయింది. ఆకు తీసుకున్న తొమ్మిదిమందీ మాట తప్పం అన్నారు, కానీ మేము ఆకు తీసుకుంది మోత పనికి, ముళ్ళపీపా జోలికి పోం అన్నారు. ఆ ఏడు పీపా దగ్గరికి ఒక్కడూ దొరకలేదు. ఊళ్ళ నుంచి ఎవడన్నా పని కోసం వస్తుంటే, నేను రోడ్డు మీదే ఆపి ఆ మూడు ప్రశ్నలూ నేర్పి పంపేవాణ్ణి. పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చేవాడు. దుమ్ము పత్తి మిల్లు ఆవరణలో గుట్టలు పడింది. రైతులు వచ్చి గొడవ పెట్టుకోసాగారు. రోజూ సాయంత్రం నేను రైలుకట్ట మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ ఆ గుట్టలు చూసేవాణ్ణి. ఒకరోజు వాన కురిసింది. తడిసిన పత్తి మీద టార్పాలిన్లు లాగుతూ యజమాని స్వయంగా పంచె ఎగ్గట్టి అరుస్తుంటే, వానలో తడుస్తూ అక్కడే కూర్చున్నాను. అంత సుఖమైన వాన నా జీవితంలో మళ్ళీ కురవలేదు.

వాన వెలిసిన మూడో రోజు ఆయన మా ఇంటికొచ్చాడు. మా అమ్మ మంచం వాల్చలేదు. వాకిట్లో నిలబడే మాట్లాడాడు, అదీ మా అన్నతో. మా అన్న గోడకు ఆనుకుని, ఎడమ చేత్తో దూదిలో గింజలు ఏరుతున్నాడు. అప్పటికి మూడేళ్ళుగా తను చేస్తున్న పని అదొక్కటే.

"నీకు పని ఇస్తా. పీపా కాడ కూర్చుని కొత్తవాళ్ళకు జాగ్రత్తలు చెప్పు. నువ్వుంటే జనం నమ్ముతారు" అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. బయటికి నడవమన్నాను, ఇంకేదో కూడా అన్నాను. మా అన్న నా వంక చూడకుండానే, "నువ్వు ఊరుకోరా. అడిగింది నన్ను" అన్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగాడు.

"పీపాను తిప్పే బెల్టును పక్కకు తోసి ఆపే కొయ్య పెట్టిస్తారా? నా ఎడం చేతి కింద ఉండాల. నేను ఆపితే, ఎందుకు ఆపావని నన్ను ఎవరూ అడక్కూడదు. మీరు గూడా."

"పెట్టిస్తా."

"మనుషుల్ని కుదిర్చే రోజు మీ కుర్చీ పక్కన నేను నిలబడతా. ఆకు ఇచ్చే ముందు ప్రతోడికీ నా చెయ్యి చూపిచ్చి, ఎట్టా పోయిందో నేనే చెప్తా. నేను చెప్పిందాకా మీరు లేవగూడదు."

అవతల ఆయన మిల్లులో పత్తి కుళ్ళుతోంది. చివరికి సరే అన్నాడు.

"మా అమ్మ ముందు చెప్పండి" అన్నాడు మా అన్న. ఆయన మా అమ్మ ముందు మళ్ళీ చెప్పాడు.

ఆయన వెళ్ళగానే నేను అన్న మీద పడ్డాను. ఇంకో నెల ఆగితే మిల్లు మూతపడేది. శత్రువును కాళ్ళ దగ్గరికి తెచ్చి పెడితే ఉద్యోగం అడుక్కున్నావు అన్నాను. నెల రోజులు అన్నతో మాట్లాడలేదు. తను మాత్రం మర్నాడే మిల్లుకు వెళ్ళాడు. కొయ్య బిగించేదాకా పీపా తిప్పనివ్వలేదు.

మరుసటి ఏడు దసరా వెళ్ళాక నేను మిల్లుకు వెళ్ళి చూశాను. మా అన్న కుర్చీకి కుడిపక్కన నిలబడి ఉన్నాడు. మొదట వచ్చింది గురజాల వైపు మనిషి. యజమాని పళ్ళెంలోంచి ఆకు తియ్యబోతుంటే మా అన్న ముందుకొచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"చూడు. పట్టుకుని చూడు, ఏం కాదు" అన్నాడు. చెయ్యి ఎట్లా పోయిందో చెప్పాడు. తను ఎంతసేపు అరిచాడో చెప్పాడు. అడగకుండా ఆపకూడదన్నది ఎవరి ఆజ్ఞో, కుర్చీ వైపు చూపించి చెప్పాడు. తన ముందు ఇద్దరున్నారని, ఆ సంగతి ఎవరికి తెలుసో చెప్పాడు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఆ మనిషి వెళ్ళాక రెండోవాడికి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆ రోజు ముప్పైమంది దాకా వచ్చారు. నాలుగోవాడి దగ్గర యజమాని కుర్చీలోంచి లేవబోయాడు.

"కూర్చోండయ్యగారూ. ఇంకా చానా మంది ఉండారు" అన్నాడు మా అన్న.

ఆయన కూర్చున్నాడు. మొహం మాడిపోయి, కళ్ళు ఆకుల పళ్ళెం మీదే పెట్టుకుని, చివరివాడి దాకా విన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. నా పగ ఒక్క పంటకు సరిపోయింది, మా అన్న తనది ఆయన బతికినన్నాళ్ళకూ కుదుర్చుకున్నాడు. ఇంటికొచ్చి అన్న కాళ్ళు పట్టుకున్నాను.

అట్లా ఏటా, ఆయన మంచాన పడేదాకా జరిగింది. ఆ తర్వాత పీపా ఎవరి చెయ్యీ తీసుకోలేదు. అందరూ మా అన్న మంచితనమని చెప్పుకున్నారు, చెప్పుకోనీ. నేను మాత్రం ఒక్క ఏడు కూడా తప్పకుండా వెళ్ళి, ఇసుకలో ముందు వరసలో నిలబడి, మొదటి నుంచి చివరి దాకా ఆయన మొహమే చూసేవాణ్ణి.